మూస్ వేట: తొమ్మిది మోతల కష్టం, ఏడాదికి సరిపడే కూర

తనానా తీరం (ఫెయిర్‌బ్యాంక్స్, అలాస్కా) | సెప్టెంబరు 24, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నా వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. అరచేతులకు అంటిన స్ప్రూస్ చెట్ల జిగురు ఎంత తోమినా వదలడం లేదు. అయినా ఇప్పుడే రాయకపోతే చిన్న చిన్న సంగతులు మరిచిపోతానని కూర్చున్నాను. నాలుగో ఏడాది ప్రయత్నంలో, ఈ నెల 17న మాకు మూస్ దొరికింది.

మూస్‌ను చూడనివారి కోసం ఒక మాట. జింక జాతిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. అలాస్కాలో పెరిగిన మగది 540 నుంచి 725 కిలోల దాకా తూగుతుంది. కాళ్లు గుర్రం కాళ్లకన్నా పొడవు. కొమ్ములు చేటల్లా వెడల్పుగా ఉంటాయి. ఏటా చలికాలంలో రాలిపోయి వసంతంలో మళ్లీ మొలుస్తాయి.

మేము ముగ్గురం. మా పొరుగున ఉండే పెద్దాయన, ఆయన అల్లుడు, నేను. పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన పడవలో తనానా నది మీదుగా ఒక చిన్న పాయలోకి వెళ్లి గుడారం వేసుకున్నాము. ఆ తర్వాత ఐదు రోజులు చేసిన పని ఒక్కటే, కూర్చోవడం. తెల్లవారుజామున మంచు పట్టిన గడ్డి మీద కూర్చుని విల్లో పొదల అంచులు చూడాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు. పెద్దాయన దగ్గర ఎండిన మూస్ భుజం ఎముక ఒకటి ఉంది. దానితో పొదలను గీకితే, మగ మూస్ కొమ్ములు రాస్తున్నట్టే వినిపిస్తుంది. ఆ చప్పుడుకు పోటీదారు వచ్చాడనుకుని దూరాన ఉన్న మగది కదలాలి. కదలవచ్చు, కదలకపోవచ్చు.

మూడో రోజు ఒకటి వచ్చింది. మేము వెళ్లిన ప్రాంతంలో మగవాటినే వేటాడాలి. కొమ్ముల వెడల్పు 50 అంగుళాలైనా ఉండాలి, లేదా నుదుటి మీదుగా ముందుకు పొడుచుకొచ్చే కొనలు చట్టం చెప్పినన్ని ఉండాలి. ఆ వచ్చినది 48 కావచ్చు, 51 కావచ్చు. పెద్దాయన దూరదర్శినితో పది నిమిషాలు చూసి తల అడ్డంగా ఊపారు. అది మా ఎదుటే నీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ వేటలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే అనిపిస్తోంది. అనుమానం ఉంటే వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ఆరో రోజు ఉదయం పదకొండుకు మరొకటి వచ్చింది. ఈసారి అనుమానమే లేదు. 130 గజాల దూరం, పక్కకు తిరిగి నిలబడింది. గుండు ఊపిరితిత్తుల్లోంచి పోయింది. నలభై అడుగులు నడిచి పడుకుంది. అరగంట ఆగి దగ్గరికి వెళ్లాము. ఎవరూ కేకలు వేయలేదు. పెద్దాయన టోపీ తీసి కాసేపు ఊరకే నిలబడ్డారు. తర్వాత కత్తులు తీశారు.

ఇక మిగిలిన రోజంతా కోతే. అంత పెద్ద జంతువును ఒక వైపు నుంచి మరో వైపు తిప్పాలంటే కాలికి తాడు కట్టి చెట్టుకు బిగించి ముగ్గురం లాగాలి. తోలు వెంటనే తీయాలి. తీయకపోతే లోపలి వేడికి ఎముక పక్కన మాంసం పులిసిపోతుంది. ఏడు గంటలు పట్టింది. కత్తికి సాన పట్టని పావుగంట లేదు. నాలుగు కాళ్లు, పక్కటెముకలు, మెడ, రొమ్ము, వెన్ను కండ, అన్నీ విడదీసి నూలు సంచుల్లో వేసి, రెండు చెట్ల మధ్య కట్టిన దూలానికి గాలి తగిలేలా వేలాడదీశాము. ఇది ఇష్టమైతే చేసే పని కాదు. ఈ భాగాలన్నీ ఇంటికి చేర్చాలని అలాస్కా చట్టం. మాంసాన్ని అడవిలో వదిలి కొమ్ములు పట్టుకుపోయేవాడు ఇక్కడ నేరస్థుడు.

తర్వాత మోత. పడవ అర మైలు దూరంలో ఉంది. దూరం పెద్దది కాదు. కానీ నేల నిండా మోకాలెత్తు గడ్డి దుబ్బులు, వాటి మధ్య నీళ్లు. దుబ్బు మీద కాలు పెడితే వంగిపోతుంది, పక్కన పెడితే దిగబడుతుంది. వెనుక తొడ ఒక్కటే 55 కిలోల దాకా ఉంది. వీపుకు కట్టుకుని లేవాలంటే మరొకరు చేయి ఇవ్వాలి. వెళ్లి రావడానికి గంటకు పైగా పట్టింది. తొమ్మిది మోతలు, రెండు రోజులు. నేను రెండుసార్లు బోర్లా పడ్డాను. పక్కటెముకల మోతకు మాత్రం మా తాతగారు గుర్తొచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో ఆయన కావడి మోసిన మనిషి. ఒక స్ప్రూస్ కర్ర నరికి, రెండు పక్కలా రెండు పలకలు కట్టి భుజానికెత్తుకున్నాను. గట్టి నేల ఉన్నంత మేర అది బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్దాయన ఆగి ఆగి చూశారు.

కొమ్ములు ఆఖరి మోత. మాంసమంతా చేరాకే, లేదా దానితోపాటే, కొమ్ములు రావాలన్నది కూడా చట్టమే.

ఇంటికొచ్చి తూచితే ఎముక తీసిన మాంసం 210 కిలోలు. నాలుగు వాటాలు వేశాము. మూడు మావి. నాలుగోది భర్త పోయిన ఒక ముసలామెది. ఆయన బతికున్నప్పుడు పెద్దాయనతో పాటు ఇదే పాయకు వచ్చేవారట. ఆ సంచి ఆమె గుమ్మంలో పెట్టినప్పుడు ఆమె నా చేతులు పట్టుకుని చూసి లోపలికి వెళ్లి కట్టు గుడ్డ తెచ్చారు.

ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి. తెలిసినంత చెబుతాను.

అన్నపూర్ణ (మినియాపొలిస్) | సెప్టెంబరు 24, రాత్రి 11:02

చదువుతుంటే నా నడుము నొప్పి పుట్టింది తమ్ముడూ. క్షేమంగా తిరిగి వచ్చావు, అది చాలు. రుచి ఎలా ఉంటుంది? మన మసాలాకు ఒదుగుతుందా?

విశాఖ అల (యాంకరేజ్) | సెప్టెంబరు 25, ఉదయం 7:30

అన్నా, నేను ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. వర్క్ వీసా మీద ఉన్నాను. మా ఆఫీసులో సగం మంది సెప్టెంబరులో కనిపించరు, అందరూ వేటకే. నాలాంటివారు వెళ్లవచ్చా?

తనానా తీరం | సెప్టెంబరు 25, సాయంత్రం 6:45

అక్కా, రుచి గొడ్డు మాంసానికి దగ్గర, కానీ కొవ్వు దాదాపు లేదు. అందుకే తొందరపడితే తోలులా గట్టిపడుతుంది. తొడ ముక్కలకు కుక్కర్‌లో ఎనిమిది కూతలు రానిస్తాము. కాలి ముక్కలు ఎముకతో సహా రంపంతో కోయించి, రాత్రంతా సన్నని సెగ మీద పాయాలా కాస్తాము. నల్లి ఒక్కో ఎముకలో చెంచాడు వస్తుంది. ఖీమాకు కొంచెం వేరే కొవ్వు కలపాలి. మా ఆవిడ కొంత మాంసాన్ని ఉప్పు, పసుపు, కారం పట్టించి తీగల మీద ఎండు తునకలు చేసింది. ఆమెది జనగామ వైపు. ఇక్కడ కూడా మూస్ మాంసాన్ని పొగబెట్టి ఎండబెట్టడం తరతరాల అలవాటు. పెద్దాయనకు తునకల వేపుడు పెడితే ఒక్క మాట మాట్లాడకుండా పళ్లెం ఖాళీ చేసి, ఎలా చేశారో కాగితం మీద రాయించుకుని వెళ్లారు.

విశాఖ అల తమ్ముడికి: అలాస్కాలో వరుసగా 12 నెలలు ఉండి, ఇక్కడే స్థిరంగా ఉండే ఉద్దేశం ఉంటే, విదేశీ పౌరుడైనా వేట నిబంధనల కింద నివాసిగానే లెక్క. అప్పటి వరకు నువ్వు బయటి విదేశీయుడివి. లైసెన్సున్న గైడు పక్కన లేకుండా మూస్‌ను గాని, మరే పెద్ద జంతువును గాని వేటాడకూడదు. వీసా మీద ఉన్నవారు తుపాకీ పట్టుకునే విషయంలో దేశ చట్టం వేరేగా ఉంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. కానీ నా మాట మీద ఆధారపడకు. వలస చట్టం తెలిసిన వకీలును అడిగాకే తుపాకీ ముట్టుకో. ఈ ఏడాది వేటాడకపోయినా మోయడానికి వెళ్లు. మోసే మనిషిని ఎవరూ వద్దనరు. నేను కూడా మొదటి రెండేళ్లు అలాగే నేర్చుకున్నాను.

మరో సంగతి. చిన్న విమానంలో అడవికి వెళితే దిగిన రోజున వేటాడకూడదు. మరుసటి రోజు తెల్లవారుజామున మూడు దాటాలి. గాలిలోంచి చూసి, దిగి, కాల్చేయడం ఇక్కడ తప్పు.

నల్లమల దారి (మార్కాపురం) | సెప్టెంబరు 26, ఉదయం 6:10

నేను బడిపంతులును. సూటిగా అడుగుతున్నాను, నొచ్చుకోవద్దు. మా దగ్గర ఎవరైనా దుప్పిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోతారు. పోవాలి కూడా. మన అడవుల్లో అతి పెద్ద జింక కణుజు, మగది బాగా పెరిగితే 300 కిలోలు. దాన్ని ఒక్కసారి దగ్గరగా చూసిన మనిషికి తుపాకీ ఎత్తాలనిపించదు. దానికి రెండింతలున్న జంతువును చంపి ఇంత భక్తిగా రాయడం నాకు మింగుడు పడలేదు. దుకాణంలో మాంసం దొరకని ఊరా మీది?

ఉత్తర స్వీడన్ తెలుగు (ఉమెయో) | సెప్టెంబరు 26, మధ్యాహ్నం 1:20

పంతులుగారికి స్వీడన్ నుంచి ఒక జవాబు. ఇక్కడ నేల చాలావరకు అడవే. చెట్లు కొట్టి మళ్లీ నాటినచోట లేత మొక్కలు మొలుస్తాయి. మూస్‌కు అదే మేత. 1960 తర్వాత అడవి నరికే పద్ధతి మారడంతో మేత పెరిగి మూస్ విపరీతంగా పెరిగింది. 1982లో ఒక్క ఏడాదే దాదాపు 1,74,000 మూస్‌లను వేటాడారు. తర్వాత సంఖ్య తగ్గించుకుంటూ వచ్చారు. ప్రతి ప్రాంతానికి ఎన్ని పెద్దవి, ఎన్ని దూడలు అన్నది ముందే నిర్ణయిస్తారు. వేట లేకపోతే చిగుళ్లు మిగలవు, రోడ్ల మీద మూస్‌లు కార్లకు అడ్డం పడి మనుషులు పోతారు.

మా ఊరి జట్టులో పద్నాలుగు మంది. నేను పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, మూడేళ్లుగా వాళ్లతో ఉన్నాను. ఉత్తరాన సెప్టెంబరు మొదటి సోమవారం వేట మొదలవుతుంది, దక్షిణాన అక్టోబరులో. ఒకరు కుక్కతో అడవిలోకి వెళతారు. మిగతావాళ్లు ఎవరి చోటులో వాళ్లు నిలబడతారు. కుక్క మూస్‌ను కనిపెట్టి కదలనివ్వకుండా నిలబెట్టి మొరుగుతుంది. ఆ మొరుగుడు వినిపించినప్పుడు గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. నా చోటుకు మూస్ రాకుండా పోయిన రోజులే ఎక్కువ. అయినా వాటా అందరికీ వస్తుంది, కాల్చినవాడికీ నిలబడినవాడికీ.

ఇంకొకటి చెప్పాలి. గాయపడి పారిపోతే వెతికి పట్టే శిక్షణ పొందిన కుక్క రెండు గంటల్లోపు ఆ చోటికి చేరేలా ఏర్పాటు ఉండాలని ఇక్కడ నియమం. బాధపడుతున్న జంతువును వదిలి ఇంటికి పోయే హక్కు ఎవరికీ లేదు. ఒకసారి చీకటి పడ్డాక టార్చిలైట్లతో నాలుగు గంటలు వెతికాము. దొరికేదాకా ఎవరూ కాఫీ కూడా తాగలేదు.

అట్లాంటిక్ గట్టు (సెయింట్ జాన్స్, న్యూఫౌండ్‌లాండ్) | సెప్టెంబరు 26, రాత్రి 8:05

మా దీవి కథ ఇంకా విచిత్రం. ఒకప్పుడు ఇక్కడ మూస్ అసలు లేదు. 1904లో న్యూ బ్రన్స్‌విక్ నుంచి నాలుగింటిని తెచ్చి హౌలీ దగ్గర వదిలారు. ఇప్పుడు లక్షకు పైగా ఉన్నాయి. వాటిని తినే తోడేళ్లు ఈ దీవిలో ఎప్పుడో అంతరించిపోయాయి. ఫర్ చెట్ల మొక్కలు తలెత్తకుండా మేసేస్తున్నాయని, గ్రోస్ మోర్న్, టెరా నోవా జాతీయ ఉద్యానాల్లోనే 2011 నుంచి వేటకు అనుమతి ఇచ్చారు. పంతులుగారూ, రక్షిత అడవిని కాపాడడానికే వేటను లోపలికి పిలవవలసి వచ్చింది. ఒక చోటి న్యాయం మరో చోటికి సరిగ్గా అతకదు. మీ నల్లమలలో చట్టం అలాగే ఉండాలని నేనూ కోరుకుంటాను.

ఇక్కడ లైసెన్సు లాటరీలో రావాలి. ఇద్దరు కలిసి ఒకే దరఖాస్తు పెట్టవచ్చు. మా వారు, మా ఇంటి యజమాని కలిసి పెట్టారు. మూడో ఏడాదికి వచ్చింది. వేటకు నేను వెళ్లలేదు, నా వంతు ఇంటి దగ్గర మొదలైంది. వంటగది బల్ల మీద మూడు రోజులు కోత, తూకం, పొట్లాలు. ఇంటావిడ గాజు సీసాల్లో మాంసం కుక్కి, పంది కొవ్వు, ఉల్లిపాయ వేసి మూత బిగించి ఉడకబెట్టడం నేర్పారు. చలికాలంలో కరెంటు పోయిన రాత్రి ఒక సీసా తెరిచి అన్నంలో కలుపుకుంటే ఆవకాయ జాడీ తెరిచినంత ధైర్యం.

కాలేయం, మూత్రపిండాలు మాత్రం తినకండి. మూస్‌లో ఆ భాగాల్లో కాడ్మియం అనే విష లోహం పేరుకుంటుందని ఆరోగ్య శాఖలు హెచ్చరిస్తాయి. మా ఇంట్లో లివర్ వేపుడు ఇష్టమే, అయినా మానేశాము.

పాత పడవ (వాసిల్లా, అలాస్కా) | సెప్టెంబరు 27, ఉదయం 9:40

అందరూ దక్కినదాని గురించి చెబుతున్నారు. నేను పోగొట్టుకున్నదాని గురించి చెబుతాను. ఆరేళ్ల క్రితం సెప్టెంబరు మొదటి వారంలో ఎండ కాసింది. సాయంత్రం మూస్ పడింది. అలసిపోయి వెనుక తొడలను ఎముక దాకా చీల్చకుండా, తెల్లవారాక చూద్దామని నిద్రపోయాను. మూడో రోజు ఇంట్లో కోస్తే తుంటి కీలు దగ్గర ఆకుపచ్చ రంగు, ఘాటు వాసన. ఒక తొడ మొత్తం పారేయాల్సి వచ్చింది. యాభై కిలోలు. తప్పు వాతావరణానిది కాదు, నాది. ఆ గొయ్యి తవ్వుతూ ఏడ్చాను. మాంసం పోయినందుకు కాదు, ఆ జంతువుకు జవాబు చెప్పలేక.

అప్పటి నుంచి నా పద్ధతి: మధ్యాహ్నం మూడు దాటితే, వేడిగా ఉంటే, ఎంత మంచి మూస్ వచ్చినా కాల్చను. నీళ్లలో నిలబడినదాన్ని అసలే కాల్చను, చల్లని నీటిలో ముగ్గురు మనుషులు దాన్ని లాగలేరు. సెప్టెంబరు చివరికి మగవి జతకట్టే కాలంలోకి వెళ్లి మేత మానేస్తాయి, మాంసానికి వాసన వస్తుంది. కనుక చలి వచ్చాక, ఆ వాసన రాక ముందు, నడుమ ఉన్న పది రోజులే నావి. ఎలుగుబంటి సంగతి కూడా మరువకండి. పేగులు వదిలిన చోటికి దూరంగా, మీరు వచ్చేటప్పుడు దూరం నుంచే కనబడేలా మాంసం వేలాడదీయండి.

తెనాలి తోట | సెప్టెంబరు 27, రాత్రి 9:15

నేను పుట్టుకతో శాకాహారిని. ఈ చర్చ మూసేసి వెళ్లిపోదామనుకున్నాను. 'పాత పడవ' గారు రాసింది చదివి ఆగిపోయాను. చంపడం నాకు ఇప్పటికీ ఒప్పుకోలు కాదు. కానీ మా ఇంట్లో సగం కూర పారేసే రోజులున్నాయి. ఆ గొయ్యి దగ్గర మీరు పడ్డ బాధ నేను ఎప్పుడూ పడలేదు. ఒక్క ప్రశ్న. అక్కడి ఆదివాసులు దీన్ని ఎలా చూస్తారు?

తనానా తీరం | సెప్టెంబరు 28, సాయంత్రం 7:20

తోట గారూ, మీ ప్రశ్నకు సంతోషం. మా వైపు అడవుల మూలవాసులు అతబాస్కన్ ప్రజలు. చాలామంది పెద్దలు వేటకు ముందు గొప్పలు చెప్పుకోరు. "మూస్‌ను కొట్టుకొస్తాను" అనడం తప్పు, జంతువు వింటుందని నమ్మకం. తలకాయ పులుసు, ముక్కు భాగం వాళ్ల విందుల్లో ముఖ్యం. ఎవరైనా చనిపోతే జరిపే పాట్‌లాచ్ విందుకు మూస్ మాంసం ఉండి తీరాలి. 1975లో మింటో గ్రామంలో ఒక యువకుడి అంత్యక్రియల విందు కోసం సీజను కాని సమయంలో మూస్‌ను వేటాడారు. దాని మాంసాన్ని తరలించిన కార్లోస్ ఫ్రాంక్ మీద కేసు పెట్టారు. 1979లో అలాస్కా సుప్రీంకోర్టు ఆ విందు వాళ్ల మతాచారమని, దానికి మూస్ మాంసం అవసరమని అంగీకరించి శిక్షను కొట్టివేసింది. నాకు ఈ తీర్పు చాలా ఇష్టం. మన దగ్గర పిండానికి ఏ బియ్యం వాడాలో అధికారి చెబితే ఊరుకుంటామా?

పంతులుగారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. మాంసం దుకాణంలో దొరుకుతుంది. పడవ పెట్రోలు, సంచులు, ఫ్రీజరు అన్నీ లెక్కిస్తే మొదటి ఏడాది దుకాణమే చవక. కానీ ఇక్కడ లెక్క ఎవరికీ తప్పదు. ఒకరికి ఏడాదికి ఒక్క మూస్, వేటాడిన 15 రోజుల్లోగా నివేదిక పంపాలి. ఆ లెక్కల మీదే మరుసటి ఏడాది ఎక్కడ ఎన్ని అన్నది నిర్ణయిస్తారు. అడవి జంతువులు ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అని, తరగకుండా వాడుకోవాలని ఈ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాశారు. రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను 1937 నుంచి వన్యప్రాణి సంరక్షణకు పోతోంది. జమీందార్లు, దొరలు సరదా కోసం పులులను కొట్టి గోడలకు వేలాడదీసిన చరిత్ర మనది. దానికి మీరు చెప్పిన 1972 చట్టమే తగిన మందు. నేను దాన్ని తప్పు పట్టను.

నల్లమల దారి | సెప్టెంబరు 29, ఉదయం 6:25

వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. నా మనసు పూర్తిగా మారలేదు, కానీ మూడో రోజు వదిలేసిన మూస్ గురించి మా పిల్లలకు చెప్పాను. 48 అంగుళాలా 51 అంగుళాలా అని తేల్చుకోలేక వదిలేశారంటే నమ్మలేదు. ఒక పిల్ల అడిగింది, మాంసం తెచ్చారు, కొమ్ములు తెచ్చారు, మరి తోలు ఏం చేశారు అని.

తనానా తీరం | సెప్టెంబరు 29, రాత్రి 10:50

ఆ పాప నన్ను పట్టేసింది. తోలు అక్కడే వదిలేశాము. పచ్చి తోలు నలభై కిలోలకు పైగా ఉంటుంది. తొమ్మిది మోతలయ్యాక ముగ్గురిలో ఎవరికీ కాళ్లు లేవలేదు. చట్టం అడగదు, కనుక తప్పించుకున్నాము.

కానీ మా ఊళ్లో మూస్ తోలు పదును పెట్టే అతబాస్కన్ పెద్దావిడ ఒకరున్నారు. మాంసపు పొర, వెంట్రుకలు గీకి తీసి, జంతువు మెదడు రుద్ది, పిండి, సాగదీసి, పుచ్చిన స్ప్రూస్ కట్టె పొగలో ఆరబెడతారు. వారాల తరబడి పని. ఆ తోలుతో కుట్టిన చేతి తొడుగులకు పూసల పువ్వులు కుడతారు. పెద్దాయన వేసుకునేవి ఆవిడ కుట్టినవే, ఇరవై ఏళ్లయిందట.

నిన్న ఆవిడ ఇంటికి వెళ్లి ఒక పొట్లం మాంసం ఇచ్చి, తోలు వదిలేశానని చెప్పాను. ఏమీ అనలేదు. తన గీకుడు కత్తి తెచ్చి చూపించారు, మూస్ కాలి ఎముకతో చేసినది. పట్టుకునే చోట నునుపు తేలింది.

పాపకు చెప్పండి పంతులుగారూ, వచ్చే ఏడాది మాకు దొరికితే పదో మోత తోలుదే.